పేకాటరాయుడి ఆదివారం డ్యూటీ

నా రిటైర్మెంటుకి ఎవరూ శాలువా కప్పలేదు. గోడగడియారం ఇవ్వలేదు. నా సేవలు మరువలేనివని మైకు ముందు నిలబడి ఎవరూ అబద్ధమాడలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం బేస్‌మెంట్‌లో కంప్యూటర్ ఆపేసి, మెట్లెక్కి పైకి వచ్చి, ఇక చాలన్నాను. మా ఆవిడ సుగుణ పప్పుకి పోపు పెడుతూ, "అయితే రేపట్నుంచి చెత్త మీరే బయట పెట్టండి" అంది. వీడ్కోలు సభ అంతటితో ముగిసింది.

నేను చేసిన పని ఆన్‌లైన్‌లో పోకర్ టోర్నమెంట్లు ఆడటం. సరదాకి కాదు, ఇల్లు గడవడానికి. అంతకుముందు ఇక్కడే, కెనడాలో మేముండే విండ్సర్‌లోనే, కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో తనిఖీ పని. ఫ్యాక్టరీ మూతపడింది. ఇంటర్ తప్పి, నడివయసు దాటి, ఇంగ్లీషు తడబడే మనిషికి ఏ కంపెనీ కుర్చీ వేసి కూర్చోబెడుతుంది? ఊరి లైబ్రరీలో కంప్యూటర్, పక్కన డిక్షనరీ పెట్టుకుని, ప్రపంచంలో ఎవరెవరో రాసుకునే పోకర్ చర్చలు చదివి నేర్చుకున్నాను. నాకు గురువు లేడు. ఉంటే ఇంకా తొందరగా చెడిపోయేవాణ్ణేమో.

ఈమధ్య కాలేజీ పిల్లల నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల దాకా నా ఫోన్ నంబరు కనుక్కుని మరీ అడుగుతున్నారు, "అంకుల్, దాంట్లో నిజంగా డబ్బులొస్తయా" అని. వస్తాయి. ఎవరికి రావో కూడా చెప్పాలి కదా, అందుకే ఈ రాత.

డ్యూటీ అని ఎందుకన్నామంటే

మా విండ్సర్ తెలుగువాళ్ళలో మూర్తి గారని ఒక పెద్దమనిషి ఉండేవాడు. తర్వాత టొరంటో దగ్గరి మిల్టన్‌కి మారాడు. ఒక ఉగాది సభలో అందరినీ పేరుపేరునా స్టేజీ మీదికి పిలుస్తూ, నా వంతు వచ్చేసరికి "మన పేకాటరాయుడు గారు" అన్నాడు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రోజు పులిహోరలో ఉప్పు తక్కువైందన్న సంగతితో సహా నాకు అన్నీ గుర్తున్నాయి. నేను మర్చిపోయే మనిషిని కాను.

అప్పట్నుంచి సుగుణ ఒక మాట కనిపెట్టింది. పెద్ద టోర్నమెంట్లన్నీ ఆదివారమే ఉంటాయి. ఆదివారం ఎవరైనా ఫోన్ చేసి ఆయనేరీ అంటే, "డ్యూటీలో ఉన్నారండీ" అనేది. అది అబద్ధం కూడా కాదు. మధ్యాహ్నం కిందికి దిగితే మళ్ళీ అన్నానికే పైకి రావడం. మధ్యలో మాటల్లేవు, టీవీ లేదు, ఒక్క చుక్క మందు లేదు. పేకాట అనగానే సిగరెట్ పొగ, సీసాలు, కేకలు ఊహించుకునేవాళ్ళు ఒక్క ఆదివారం నా పక్కన కూర్చుంటే ఆవులింతలతో దవడలు పట్టేసేవి. లాభం తెచ్చే పోకర్ చూడటానికి చాలా విసుగ్గా ఉంటుంది. మీకు ఆట మహా ఉత్సాహంగా ఉందంటే, ఆ ఉత్సాహానికి మీరే టికెట్ కొంటున్నారని అర్థం.

టోర్నమెంట్ అంటే తెలియనివాళ్ళకి ఒక్క ముక్కలో చెబుతాను. అందరూ ఒకే రుసుము కట్టి చేరతారు. ఆ రుసుముకి ఇచ్చే పందెం బిళ్ళలు, అంటే చిప్స్, అయిపోయినవాడు లేచిపోతాడు. ఎక్కడో ఒకచోట ఒక గీత ఉంటుంది. ఆ గీత దాటేదాకా నిలిచినవాళ్ళకే డబ్బు. దాటీదాటగానే ఇచ్చేది కట్టిన రుసుముకి కాస్త అటూ ఇటూ. అసలు సొమ్మంతా ఆఖర్న మిగిలిన ఇద్దరు ముగ్గురిదే. కాబట్టి బాగా ఆడేవాడు కూడా చాలాసార్లు ఉత్త చేతులతోనే లేస్తాడు. వారాల తరబడి లేస్తాడు. నెలల తరబడి కూడా లేస్తాడు. ఎప్పుడో ఒక ఆదివారం ఆఖరి బల్ల దాకా వెళ్తాడు, ఆ ఒక్క ఆదివారం మిగతా వాటన్నిటికీ తిండి పెడుతుంది.

దీనికి కావలసినవి ఏమిటంటే, ఒకటి, పోయినా పొయ్యి ఆరని డబ్బు. రెండోది, మీకంటే చేతకానివాళ్ళు ఎక్కడ ఆడుతున్నారో వెతుక్కుని అక్కడ కూర్చునే సిగ్గులేనితనం. మూడోది మనవాళ్ళకి మింగుడుపడదు, అది చివర్లో చెబుతాను.

రమ్మీ మనకి ఉగ్గుపాలతో వచ్చిన విద్య. ముక్క బాగోలేకపోతే స్కూట్ కొట్టి ఆ ఆట వదిలేయడం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. అందుకే మనవాళ్ళు పోకర్ మొదటి గంట చక్కగా ఆడతారు. కానీ పోకర్‌లో ముక్క అంతంతమాత్రంగా ఉన్నా ఎదుటివాడి మీదికి వెళ్ళాల్సిన వేళ ఒకటి వస్తుంది. అది గీతకి కాస్త ముందు వస్తుంది. అక్కడ అందరూ భయపడి ఊపిరి బిగబడతారు. ఆ భయంలోంచే లాభం పుడుతుంది. మనవాళ్ళు సరిగ్గా అక్కడే స్కూట్ కొడతారు.

బర్నబీ బాసు

నాకూ ఒక బాసు ఉండేవాడు. పేరు ఓవెన్. దేశానికి పడమటి కొసనున్న బర్నబీలో, కొండ మీద యూనివర్సిటీలో లెక్కలు చదువుతూ మధ్యలో మానేసిన కుర్రాడు, నా కొడుకంత ఉంటాడు. కొంతమంది ఆటగాళ్ళకి రుసుములు తనే కట్టి, నష్టం తను భరించి, లాభంలో సగం తీసుకునేవాడు. వారానికోసారి వీడియోలో పిలిచి నా ఆటలు తిరగేసేవాడు. మొదటి వారం నేను ఓడిన ఆటలన్నీ చెప్పుకుని ఏడవడానికి తయారై కూర్చున్నాను. అతను వాటి జోలికే పోలేదు. గెలిచినవి తెరమీద పెట్టి, ఇది ఎందుకిలా ఆడావని ఒక్కొక్కటే అడిగాడు. నేను గెలిచాను కదా అన్నాను. అదృష్టం నీ తప్పు దాచిపెట్టింది, దాన్ని బయటికి తియ్యడానికే నీతో మాట్లాడుతున్నాను అన్నాడు.

నాకు ఫ్యాక్టరీ గుర్తొచ్చింది. మెషిన్ వంకరగా ఉన్నా అప్పుడప్పుడు సరైన భాగం పడుతుంది. దాన్ని చూసి మెషిన్ బాగుందనుకున్నవాడు మర్నాడు పెట్టెల కొద్దీ తుక్కు తూకానికి వేసుకోవాల్సిందే. జీవితమంతా భాగాలు తనిఖీ చేసినవాణ్ణి, నా ఆటని మాత్రం తనిఖీ చేసుకోవడం తోచలేదు. ఓవెన్‌కి మర్యాద తెలియదు, వీడియోలో ఆలూ చిప్స్ నములుతూ మాట్లాడేవాడు, నన్ను ఒక్కనాడూ మిస్టర్ అనలేదు. అయినా నాకు జీతమిచ్చిన బాసుల్లో బుర్ర ఉన్నవాడు అతనొక్కడే.

కోర్సులు అమ్మేవాళ్ళు

ఇక గురువులని చెప్పుకునే ఇంకో జాతి ఉంది. వీళ్ళు తెర మూలన తమ మొహం పెట్టుకుని, అద్దెకి తెచ్చిన కారు పక్కన ఫోటో దిగి, తొంభై రోజుల్లో మీ ఉద్యోగానికి సెలవు అంటారు. వాళ్ళకి ఆదాయం ఆటలో రాదు, మీరు కట్టే ఫీజులో వస్తుంది. ఈత రానివాడు చెరువు గట్టున కూర్చుని ఈత పాఠాలు అమ్ముతుంటే, మనవాళ్ళు క్యూలో నిలబడి డిస్కౌంట్ కూపన్ ఉందా అని అడుగుతారు.

ఇప్పటి పిల్లలకి లెక్కలన్నీ చేసిపెట్టే సాఫ్ట్‌వేర్ కూడా ఉంది. ఆట అయిపోయాక దాన్ని అడిగి నేర్చుకుంటే చదువు, ఆట మధ్యలో అడిగితే దొంగతనం. అది కంఠస్థం చేసిన పిల్లలు బల్లనిండా చేరారు. పైగా మా ఒంటారియో రాష్ట్రం వాళ్ళు ఒంటారియో వాళ్ళతోనే ఆడుకోవాలని ప్రభుత్వం మధ్యలో గోడ కట్టింది. చెరువు చిన్నదైంది, మొసళ్ళు అన్నే ఉన్నాయి. నేను లేచిపోయింది అందుకే. ఎక్కడ కూర్చోవాలో తెలిసినవాడికి ఎప్పుడు లేవాలో కూడా తెలియాలి.

మిల్టన్ సోఫా

కిరణ్ హైదరాబాద్ అబ్బాయి. కొన్నాళ్ళు అమెరికాలో చేసి ఇటు వచ్చాడు. మిల్టన్‌లో కొత్త టౌన్‌హౌస్ కొన్నాడు, రోజూ ట్రైన్‌లో టొరంటో ఆఫీసుకి వెళ్తాడు. ఒక ఆదివారం టోర్నమెంట్‌లో మొదటి స్థానం కొట్టాడు. పెద్ద మొత్తమే. ఇంకేం, ఉద్యోగం మానేసి ఇదే పని పెట్టుకుంటానని, భార్య స్వప్నని వెంటబెట్టుకుని విండ్సర్ దాకా కారేసుకుని వచ్చాడు. రాజీనామా మెయిల్ రాసి ఫోన్‌లో పెట్టుకున్నాడు. నాకు చూపించాడు కూడా. చక్కగా రాశాడు, ఆట కూడా అంత చక్కగా ఆడతాడా అన్నదే చూడాలి.

అతను సుగుణ ఇచ్చిన కాఫీ తాగుతుంటే స్వప్న నాతో, "వచ్చే సోమవారం పంపిస్తాడట అంకుల్. నేను వద్దంటే నీకు తెల్వదంటడు. మీరు అన్నది వింటడు" అంది.

నేను ఎవరికీ ఊరికే సలహా ఇవ్వను. ఆదివారం మీ ఇంటికి వస్తాను, నువ్వు ఆడుతుంటే చూస్తాను, తర్వాత చెబుతానన్నాను. అన్నట్టే కారులో బయల్దేరి వెళ్ళాను. బేస్‌మెంట్‌లోకి దిగితే అక్కడ సోఫా నిండా జనం. మధ్యలో, కుషన్ ఒళ్ళో పెట్టుకుని, మూర్తి గారు.

జరిగిందేమిటంటే, కిరణ్ గెలిచిన వార్త, తలా ఒక వంట తెచ్చుకుని కలిసే పాట్‌లక్ విందులో పాకింది. వచ్చే ఆదివారం రుసుములో తలా కొంత పెడతాం, గెలుపులో మాకూ తలో వాటా ఇమ్మని నలుగురూ అడిగారు. వాటాలమ్మడం తప్పు కాదు, ఆటగాళ్ళు చేసేదే. కానీ కొన్నవాడు ఇంట్లో కూర్చుని ఫలితం వినాలి. మనవాళ్ళు వాటా కొంటే పెళ్ళికి చదివింపులు ఇచ్చినట్టే, భోజనానికి రాకపోతే ఎలా? మిరపకాయ బజ్జీలకి పిండి కూడా తెచ్చుకున్నారు. వద్దనడానికి కిరణ్‌కి మొహమాటం.

నన్ను పేకాటరాయుడన్న మూర్తి గారు ఇప్పుడు వాటాదారు. "రండి రండి, మీలాంటి అనుభవజ్ఞులు ఉండాలి" అన్నాడు. అనుభవజ్ఞుణ్ణి ఎప్పుడయ్యానో అడుగుదామనుకున్నాను. స్వప్న మొహం చూసి ఊరుకున్నాను.

టోర్నమెంట్ అయిదింటికి మొదలు. మూర్తి గారు చెయ్యి అడ్డం పెట్టాడు. ఆదివారం నాలుగున్నర నుంచి ఆరు దాకా రాహుకాలమట, ఆరు దాటాకే చేరాలట. అది ఇండియా టైము ప్రకారమా, మిల్టన్ సూర్యుడి ప్రకారమా అని సోఫాలో చర్చ లేచింది. సూర్యుడు ఒక్కడే కదా అన్నారొకరు. టోర్నమెంట్‌లో ఆలస్యంగా చేరనిస్తారు, నేనూ చేరేవాణ్ణి, దానికి వేరే లెక్కలున్నాయి. ఆ లెక్కల్లో రాహువు లేడు. కిరణ్ మారుమాట్లాడకుండా ఆరింటిదాకా ఆగాడు. నేను అప్పుడే గమనించాల్సింది గమనించాను.

ఆరు దాటాక వాటాదారులంతా బజ్జీలు వేయడానికి పైకి వెళ్ళారు. కింద కిరణ్, వెనక కుర్చీలో నేను. అబ్బాయి ఆట చూసి నాకు ముచ్చటేసింది. ఎక్కడ వదలాలో వదిలాడు, ఎక్కడ మీద పడాలో పడ్డాడు. ముక్క లేకుండానే బెదిరించిన ఒకడి అబద్ధాన్ని పట్టేసి వాడి చిప్స్ అన్నీ లాక్కున్నాడు, కనురెప్ప కదపలేదు. రెండు గంటల్లో ఆ బల్ల మీద అందరికంటే పెద్ద కుప్ప అతనిదే. ఆ వేళ ఎవరైనా నన్నడిగితే, రాజీనామా పంపించమని చెప్పేవాణ్ణేమో.

అప్పుడు బజ్జీల పళ్ళెంతో సోఫా జనమంతా మళ్ళీ కిందికి దిగారు.

ఏస్, క్వీన్

గీత దగ్గర పడింది. ఇంకో నలుగురు పోతే మిగిలినవాళ్ళందరికీ డబ్బే. కుప్ప పెద్దదైనవాడు ఇలాంటప్పుడు ప్రతి ఆటలోనూ మిగతావాళ్ళ మీదికి వెళ్ళాలి. వాళ్ళు గీత దాటాలన్న ఆశతో వదిలేస్తూ ఉంటారు, వీడు ఏరుకుంటూ ఉండాలి. కిరణ్ ఏరుకోవడం మానేశాడు. వెనక సోఫా మీంచి "జాగ్రత్త బాబూ", "నిదానం", "ముందు డబ్బుల్లో పడదాం" అని ఆశీర్వచనాలు. చిప్స్ కొద్దికొద్దిగా కరగడం మొదలైంది.

ఇంతలో అతనికి ఏస్, క్వీన్ పడ్డాయి. మంచి ముక్కలే. అతనికంటే ముందు, అతని కుప్పలో సగం చిప్స్ కూడా లేని ఒకడు చిన్న పందెం పెట్టాడు. వాడికి గీత దాటకుండా పోవాలంటే భయం. కిరణ్ మొత్తం పెట్టి వాడి మీదికి వెళ్తే వాడు చాలావరకు వదిలేస్తాడు. వదలకపోయినా కిరణ్ పూర్తిగా పోడు. మౌస్ అటే వెళ్ళింది. మూర్తి గారు బజ్జీ కింద పెట్టి ముందుకి వంగాడు.

"ఒక్క నిమిషం బాబూ. ఇంకో నలుగురే కదా. ఇప్పుడు తొందరెందుకు?"

మౌస్ వెనక్కి వచ్చింది. కిరణ్ ముక్కలు వదిలేశాడు. సోఫా మొత్తం హమ్మయ్య అంది. అలాంటివి ఇంకో మూడో నాలుగో వదిలాడు. గీత దాటాడు. చప్పట్లు కొట్టారు, మూర్తి గారు అతని వీపు తట్టాడు. అప్పటికి పెద్ద కుప్ప కాస్తా గుప్పెడైంది. కాసేపటికే రెండు ఎనిమిదులతో మిగిలినదంతా పెట్టి, ఎదుటివాడి ఏస్‌కి జోడీ పడి, కిరణ్ బయటికి వచ్చాడు.

సోఫాలో ఒక్కరికీ దిగులు లేదు. పెట్టుబడి వచ్చింది, పైన తలా ఒక కాఫీకి మిగిలింది. మూర్తి గారు కోటు వేసుకుంటూ, "మొత్తానికి నష్టం లేకుండా గట్టెక్కించాడండీ మనవాడు" అన్నాడు. మొదటి స్థానానికి తగిన ఆటని కాఫీ డబ్బులకి అమ్మారని ఆయనకి చెప్పి ఏం లాభం. ఉగాది బాకీ కూడా అలాగే ఉండిపోయింది.

వాళ్ళు వెళ్ళాక స్వప్న పేపర్ ప్లేట్లు ఏరుతోంది. కిరణ్ కుర్చీలోంచి లేవలేదు. నేను ఓవెన్‌లాగా ఆఖరి ఓటమిని వదిలేసి, ఆ ఏస్, క్వీన్ ఎందుకు వదిలావని అడిగాను.

"రైజ్ చేసి మీదికి పోవాలని తెలుసు అంకుల్."

"తెలిసే వదిలావా?"

"మూర్తి అంకుల్ వెనకాల్నే ఉన్నడు. పోతే ఆయన మొహం ఎట్ల చూడాలె?"

నేను చెప్పదలుచుకున్న మూడోది ఇదే. ఎదుటివాళ్ళ మొహం చిన్నబోయినా చూస్తూ కూర్చోగలిగిన గుండె కావాలి. లెక్కలు ఎవరైనా నేర్పుతారు, ఇది ఏ కోర్సులోనూ దొరకదు. మొహమాటం మనకి పెళ్ళిళ్ళలో పనికొస్తుంది, పాట్‌లక్‌లో పనికొస్తుంది. పోకర్ బల్ల దగ్గర దాన్ని పక్కవాడు వాసన పట్టేస్తాడు.

కిరణ్‌తో అన్నాను, "ఆట నాకంటే నీకే బాగా వచ్చు. మొదటి రెండు గంటలు చూశాను. కానీ రేపు ఆ మెయిల్ పంపావనుకో, వచ్చే ఆదివారం మూర్తి గారు రారు. ఆయన చోట్లో నీ ఇంటి అప్పు, ఆ మార్ట్‌గేజ్, వచ్చి కూర్చుంటుంది. అదీ జాగ్రత్త బాబూ అనే అంటుంది. మూర్తి గారు తొమ్మిదింటికి కోటేసుకుని వెళ్ళారు. అది వెళ్ళదు, దాని ఇల్లే ఇది."

స్వప్న ప్లేట్లు పట్టుకుని అక్కడే ఆగింది. "అంటే, ఆడొద్దంటున్నరా అంకుల్?"

"ఆడమనే అంటున్నానమ్మా. ఇవాళ ఏస్, క్వీన్ వదిలేసినవాడు రేపు దాన్ని ఆడాలంటే, ఇంట్లోకి జీతం వస్తూ ఉండాలి. ఆ జీతమే వాడి ధైర్యం."

నేనెలా ఆడానని వాళ్ళడగలేదు, అయినా చెప్పాను. మా ఫ్యాక్టరీ మూతపడేనాటికి ఇల్లు అప్పు తీరిపోయింది, సుగుణకి హాస్పిటల్ వంటశాలలో ఉద్యోగం ఉంది. నేను బల్ల దగ్గర పులిలా కూర్చున్నానంటే, ఆ పులికి పూటపూటా అన్నం పెట్టింది ఆవిడ పే చెక్. నా విజయగాథలు రాసేవాళ్ళెవరైనా ఉంటే ఈ వాక్యం ముందు రాయాలి.

కిరణ్ ఫోన్ తీసి చూసుకుని జేబులో పెట్టుకున్నాడు. పంపుతాడో మానతాడో నాకు తెలియలేదు. హైవే మీద దారంతా విసుక్కుంటూ ఇంటికి వచ్చాను. సోమవారం ఫోన్ రాలేదు. మంగళవారమూ రాలేదు.

కొన్ని వారాలు పోయాక మొదట మూర్తి గారి ఫోన్ వచ్చింది. మండిపడుతున్నాడు. "మీరేం చెప్పారో గానీ, కిరణ్ వాటాలు అమ్మటం మానేశాడండీ. ఆదివారం ఫోన్ చేస్తే ఆ అమ్మాయి ఎత్తి, డ్యూటీలో ఉన్నడంకుల్, మాట్లాడడు అంటుంది. ఆదివారం ఏం డ్యూటీ అండీ, వాళ్ళ ఆఫీసుకి సెలవు కదా?" నాకు తెలియదన్నాను. పెట్టేసే ముందు ఆయన్ని బేస్‌మెంట్‌కి పిలవనందుకు నా సానుభూతి కూడా తెలిపాను.

తర్వాతి ఆదివారం రాత్రి భోజనాల వేళ కిరణ్ చేశాడు.

"అంకుల్, ఇయ్యాల గీతకి ముంగటనే పోయిన. పైసా రాలె."

"ఏం పడింది?"

"అదే అంకుల్. ఏస్, క్వీన్. ఈసారి వానికి నాకన్న ఎక్కువ చిప్స్ ఉండె. అయినా మీదికి పోయిన. వాడు వదల్లె. వానికి కింగుల జోడీ ఉండె."

"మళ్ళీ అదే పడితే?"

"మళ్ళీ పోత."

ఇంకా ఏదో అడగబోయాను. పొద్దున్నే ట్రైనుంది, పడుకోవాలంటూ ఫోన్ పెట్టేశాడు.

సుగుణ కంచాలు తీస్తూ ఏమిటట అంది. ఓడిపోయాడట అన్నాను.

"మరి మీకా నవ్వేమిటి?"

"రేపు ఆఫీసుకి వెళ్తున్నాడట."

ఆవిడ ఒక్క క్షణం నా వంక చూసింది. "అయితే పాసయ్యాడన్నమాట" అని, చెత్త సంచి మూతి ముడేసి నా చేతికిచ్చింది.